రాత్రుల లెక్క

వలసల మీద పరిశోధన అనగానే ఓడలు, పాస్‌పోర్టులు, శరణార్థి శిబిరాలు తలపుకొస్తాయి. నా పని అంతా ఒక బస్సు దారి మీద జరుగుతుంది. బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురం మీదుగా బెంగళూరు దాకా, 44వ నంబరు జాతీయ రహదారి, సుమారు వంద కిలోమీటర్లు. ఒక కొసన ఊళ్లు. ఇంకో కొసన యలహంక, హెబ్బాళ చుట్టూ లేస్తున్న అపార్టుమెంట్లు, వాటి పక్కన కూలీల రేకుల షెడ్లు. రెండు కొసల్లోనూ అవే కుటుంబాలను కలవడం, వాళ్ల ఏడాదిని నెలనెలా రాసుకోవడం నా ఉద్యోగం. చింతామణి తాలూకాలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఇంటర్వ్యూలకు నాకు దుబాసీ అక్కర్లేదు.

ఇంత దగ్గరి ప్రయాణాన్ని వలస అనొచ్చా అని సెమినార్లలో అడుగుతుంటారు. 1885లో రావెన్‌స్టైన్ వలస సూత్రాలు రాసినప్పుడు మొదట చెప్పింది ఈ సంగతే: కదిలేవాళ్లలో ఎక్కువమంది దగ్గరి చోట్లకే కదులుతారు. ఆయన జర్మనీలో పుట్టి లండన్‌లో స్థిరపడినవాడు, బ్రిటన్ జనగణన పట్టికలు ముందేసుకుని ఈ మాట తేల్చాడు. ప్రతి ప్రవాహానికీ ఒక ఎదురు ప్రవాహం ఉంటుందని కూడా అన్నాడు. ఆ ఎదురు ప్రవాహం చూడాలంటే శనివారం సాయంత్రం హెబ్బాళలో ఆంధ్ర వైపు బస్సులు ఆగే చోట నిలబడితే చాలు. చేతుల్లో బియ్యం సంచులు, సిమెంటు మరకల చొక్కాలు, పిల్లలకు కొన్న బన్ను రొట్టెలు. సోమవారం తెల్లవారుజామున వీళ్లే మళ్లీ ఇటు దిగుతారు.

ఎందుకు పోతారో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపాగ్ని మా నంది కొండల చుట్టుపక్కలే పుడతాయి. అయినా ఏడాది పొడుగునా పారే నది మా చిక్కబళ్లాపురం జిల్లాలో ఒక్కటీ లేదు. చెరువులన్నీ వానకు ఎదురుచూస్తాయి. బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయాయి, అంత లోతు నుంచి వచ్చిన నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడు. బోరు పడినవాడు టమాటా, ద్రాక్ష, పువ్వులు, మల్బరీ వేస్తాడు. పడనివాడు బోరు కోసం చేసిన అప్పు తీర్చడానికి బస్సెక్కుతాడు. శెనక్కాయ విత్తి పోతారు, కలుపుకు వస్తారు, మళ్లీ పోతారు, కోతకు వస్తారు. రాగులు ఇంటికి చేరాక సంక్రాంతి చేసుకుని ఆలుమగలిద్దరూ కలిసి పోతే, ఉగాదికి గానీ తాళం తీయని ఇళ్లున్నాయి. మగవాళ్లకు సెంట్రింగు, గార పని, రంగుల పని. ఆడవాళ్లకు ఇటుక మోత, అపార్టుమెంట్లలో పాచి పని, కొంచెం చదువుకున్నవాళ్లకు గార్మెంట్ ఫ్యాక్టరీ.

"మీరు వలస వెళ్లారా?" అని ఫారంలో అచ్చేసిన ప్రశ్న అడిగితే వీళ్లలో చాలామంది లేదనే అంటారు. బాగేపల్లి దగ్గరి ఒక ఊళ్లో ఇటుకలు మోసే ఒకామె నాతో అన్నది: "వలస యాడికమ్మా? పోతాండాం, వస్తాండాం, అంతే గదా." రేషను కార్డు ఊళ్లో ఉంది, ఓటు ఊళ్లో ఉంది, పొయ్యి ఊళ్లో ఉంది. కాబట్టి ఆమె లెక్క ప్రకారం ఆమె ఊళ్లోనే ఉంది.

ప్రభుత్వ లెక్క కూడా దాదాపు అదే చెబుతుంది, అక్కడే నాకు పేచీ. మన జనగణన పుట్టిన చోటు అడుగుతుంది, 1971 నుంచి అంతకుముందు ఉన్న చోటు కూడా అడుగుతోంది. ఈ రెండు ప్రశ్నలకూ ఆమె జవాబులో బెంగళూరు రాదు. జాతీయ నమూనా సర్వే వాళ్లు 2007-08లో కొద్దికాలపు వలసను విడిగా లెక్కపెట్టారు. పని కోసం ఏడాదిలో నెలకు తగ్గకుండా, ఆరు నెలలు నిండకుండా ఊరు విడిచి ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి వస్తారు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు షెడ్డులో ఉంటూ, ప్రతి పండక్కీ, ప్రతి కోతకూ ఇంటికొచ్చే దంపతులు ఆ గీతకు అవతల పడతారు. అటు స్థిరపడినవాళ్లలోనూ చేరరు. దేశంలో ఎంతమంది కదులుతున్నారన్న దాని మీద గొప్ప గొప్ప వాదాలు జరుగుతుంటాయి. నన్నడిగితే వాటిలో సగం ఈ గడువుల దగ్గరే తేలిపోతాయి.

అందుకే మేం ప్రశ్న మార్చుకున్నాం. వలస వెళ్లారా అని అడగం. ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారని అడుగుతాం. నెలకు ఒక వరస చొప్పున పన్నెండు వరసల కాగితం ఒకటి నేల మీద పరిచి, ఇంట్లోవాళ్లందరూ చుట్టూ కూచున్నాక, వెనక్కి నడుస్తాం. తారీఖులు ఎవరికీ గుర్తుండవు, గుర్తుండాలని ఆశించడమే తప్పు. శివరాత్రికి నందిలో తేరు లాగిన రోజు ఎవరెవరు ఇంట్లో ఉన్నారు? విత్తనం వేసిన వారం? గౌరి పండుగ? మగవాళ్లకు మేస్త్రి మారిన రోజు, స్లాబు వేసిన రోజు గుర్తుంటాయి. ఆడవాళ్లకు బిడ్డకు జ్వరం వచ్చిన రోజు, నగ కుదువ పెట్టిన రోజు. "కమ్మలు బ్యాంకులో పెట్టినాక రెండో వారం పోయినాం" అని ఒక అవ్వ చెప్పిన గుర్తు పట్టుకుని, పాస్‌బుక్కు తెరిచి చూస్తే తారీఖుతో సహా దొరికింది. గుర్తు తెచ్చుకునేందుకు పండుగల్ని, సంఘటనల్ని మెట్లుగా వాడడం పరిశోధకులకు తెలిసిన పద్ధతే. మా ఊళ్లలో అది పనిచేసే తీరు చూస్తే ఇంకే పద్ధతి మీదా నమ్మకం కుదరదు.

సంతకం దగ్గర మాత్రం ఎప్పుడూ కష్టమే. పరిశోధన నీతి నియమాల ప్రకారం ఇంటర్వ్యూకు ముందు అంగీకార పత్రం మీద సంతకం తీసుకోవాలి. మా జనానికి కాగితం మీద వేలిముద్ర అంటే ప్రోనోటే. వేలిముద్ర వేసి పొలం పోగొట్టుకున్న తాతల కథలు ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఇప్పుడు నోటిమాటగా ఒప్పుకోలు తీసుకుని, వాళ్ల అనుమతితోనే రికార్డు చేస్తాం. దీనికి అనుమతులిచ్చే కమిటీని ఒప్పించడానికి చాలా ఉత్తరాలు రాయాల్సి వచ్చింది, రాశాను.

ఇక పరంజి మీది మాట. యలహంక వైపు ఏ కట్టడానికి పోయినా ఒకే మేస్త్రి కింద ఆంధ్రలోని కదిరి మనిషీ, కర్ణాటకలోని బాగేపల్లి మనిషీ పక్కపక్కన గార పూస్తుంటారు. ఇద్దరిదీ ఒకే యాస, ఒకే సంగటి, ఒకే కూలి. ఒకరికొకరు పిల్లనిచ్చి పుచ్చుకునే బంధువులు కూడా కావచ్చు. కానీ 1979లో వచ్చిన అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కదిరి మనిషి కోసమే రాసింది. కాంట్రాక్టరు అతన్ని రాష్ట్రం దాటించి తెస్తే నెల కూలిలో సగమో, 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది స్థానభ్రంశ భత్యంగా ఇవ్వాల్సి ఉండేది. దారి ఖర్చులివ్వాలి, ఉండే చోటు చూపాలి, వైద్యం చూడాలి అని అందులో ఉండేది. అది ఎంతవరకు అమలైందో అందరికీ తెలుసు, అయినా కాగితం మీద హక్కు ఉండేది. బాగేపల్లి మనిషి అదే దారిలో, అదే మేస్త్రి వెంట వచ్చినా ఆ కాగితంలో అతని పేరుండేది కాదు. అతను సొంత రాష్ట్రంలోనే ఉన్నాడు గదా. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి కొత్త కార్మిక కోడ్‌లో, కాంట్రాక్టరు లేకుండా తనంతట తాను వచ్చినవాణ్ణి కూడా చేర్చుకున్నారు. మంచి మార్పే. రాష్ట్రం గీత మాత్రం అలాగే ఉంచారు.

భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. దానికి రాష్ట్రం గీత లేకపోయింది. కట్టడం ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి పెట్టాలి. పేరు నమోదు కావాలంటే గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి. మా కాగితం మీద ఆ రోజులు సులువుగా తేలతాయి. కానీ అవి ముగ్గురు నలుగురు మేస్త్రీల కింద ముక్కలుగా ఉంటాయి. ఏ ఒక్కరూ మొత్తానికి సంతకం పెట్టరు. మేం చేసే రాత్రుల లెక్క ఎప్పటికైనా ఇలాంటి రుజువుగా పనికిరావాలని నా కోరిక. పరిశోధన పత్రికల్లో వచ్చే వ్యాసాలకన్నా అదే నాకు ముఖ్యం.

అదే రాష్ట్రం గీత 2020లో ఇంకో రకంగా పనిచేసింది. మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించాక జనం ఈ రహదారి మీదే నడిచారు. అప్పుడు రాష్ట్రాల సరిహద్దులు మూశారు. బాగేపల్లి మనిషికి ఇల్లు గీతకు ఇవతల ఉంది. కదిరి మనిషి ఇల్లు ఇంకాస్త దూరంలో, గీతకు అవతల. ఆ వారాల్లో నేను ఫోన్లలోనే మాట్లాడాను, ప్రశ్నావళి పక్కన పెట్టేసి. తిన్నారా, ఎక్కడున్నారు అని అడగడానికే ఎక్కువ ఫోన్లు చేశాను.

వలస వచ్చినవాళ్లు కొత్త సమాజంలో కలవడం గురించి మా రంగంలో అందరూ ఆశ్రయించేది ఏగర్, స్ట్రాంగ్ అనే ఇద్దరు 2008లో రాసిన వ్యాసాన్ని. బ్రిటన్‌లో శరణార్థుల మీద చేసిన పని అది. ఉపాధి, ఇల్లు, చదువు, ఆరోగ్యం, మనుషులతో సంబంధాలు, భాష, భద్రత, హక్కులు ఇలా పది అంశాలు పెట్టి చూడమన్నారు. నేను వాటిని షెడ్లకు పట్టుకుపోయాను. భాష దగ్గరే విచిత్రం ఎదురైంది. బాగేపల్లి పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా బడిలో చదివేది కన్నడం. రాయడం, చదవడం కన్నడంలోనే వచ్చు. బెంగళూరులో మేస్త్రితో తెలుగులో మాట్లాడగానే పక్కవాడు వీళ్లను ఆంధ్రావాళ్లంటాడు. సొంత రాష్ట్రం రాజధానిలో వీళ్లు పరాయివాళ్లవుతారు. భాష రాకపోతే కలవలేరని పుస్తకం చెబుతుంది. ఇక్కడ రెండు భాషలు వచ్చి కూడా కలవనీయకపోవడం ఉంది. మనుషులతో సంబంధాల గురించి నేను ఒకే ప్రశ్న అడుగుతాను: అర్ధరాత్రి బిడ్డకు ఫిట్సు వస్తే ఎవరి తలుపు కొడతారు? ఏళ్ల తరబడి అక్కడే పని చేసినవాళ్లు కూడా సొంత ఊరివాళ్ల షెడ్డు పేరే చెబుతారు. రోజూ తాము పాచి పని చేసే ఫ్లాటు పేరు ఎవరూ చెప్పరు. కలవడం అనే పరీక్షలో మార్కులు వేయాల్సింది వచ్చినవాళ్లకా, ఉన్నవాళ్లకా? నాకు ఇందులో సందేహం లేదు.

ఈ సీమ పుట్టుకలోనే వలస ఉంది. ఆవతి నాడప్రభువుల కథ మా దగ్గర అందరికీ తెలుసు. కంచి వైపు నుంచి, తమ బిడ్డను బలవంతంగా అడిగిన పాలెగాడికి ఇవ్వలేక, కుటుంబాలు బండ్లు కట్టుకుని పారిపోయి వచ్చి నంది కొండల దగ్గర ఆవతిలో దిగాయని ఐతిహ్యం. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం పాలెగాళ్లూ, బెంగళూరు కట్టించిన కెంపేగౌడూ ఆ కుదురువాళ్లేనని చెబుతారు. పారిపోయి వచ్చినవాళ్ల సంతతి కట్టిన నగరమన్నమాట. ఇటు ముద్దేనహళ్లిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి ఇంటిపేరు ఆంధ్రలోని మోక్షగుండం ఊరి పేరు. ఆ కుటుంబం ఈ నేలలో కలిసిందా లేదా అని ఎవరూ సర్వే చేయలేదు, చేయరు. కలిశారా అనే ప్రశ్న మేం కూలివాళ్లనే అడుగుతాం. మా రంగం సమాధానం చెప్పుకోవాల్సిన సంగతి ఇది.

శరణార్థులను ఈ రాష్ట్రం ఎలా చూసిందో కూడా ఇక్కడ గుర్తుచేయాలి. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు, వాళ్ల కోసం ప్రత్యేక చట్టమూ లేదు. అయినా 1960 దశకం మొదట్లో టిబెట్ నుంచి వచ్చినవాళ్లకు అప్పటి మైసూరు రాష్ట్రం బైలకుప్పెలో భూమి ఇచ్చింది. ఇళ్లు, బళ్లు, సహకార సంఘం అన్నీ ఆలోచించి కట్టుకుంటూ వచ్చారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకు రాయచూరు జిల్లా సింధనూరులో శిబిరాలు వేసి పొలాలిచ్చారు. అక్కడ లోటుపాట్లు లేకపోలేదు. కానీ మనుషులు వస్తున్నారు, వాళ్లకు ఏం కావాలి అని ముందుగా కూర్చుని ఆలోచించారు. ఓటు హక్కున్న బాగేపల్లి కూలి కోసం బెంగళూరులో ఏ ఆఫీసులోనూ అలాంటి ఆలోచన జరగలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపడమే ఇన్నేళ్లుగా నేను చేస్తున్న వాదన.

సర్వే ముగిసిన ప్రతి ఊళ్లో తేలిన సంగతుల్ని ఊరివాళ్లకే చదివి వినిపిస్తాం. నివేదిక ఇంగ్లిషులో ఉంటుంది. సారాంశం కన్నడంలో అచ్చేసి పంచుతాం, ఎందుకంటే చదవగలిగేది ఆ లిపే. వినిపించేది తెలుగులో. కిందటిసారి ఒక ఊరి కట్ట మీద చదువుతుంటే ముసలి అవ్వలు అడ్డుపడ్డారు. "మీ కాగితంలో పనికి పోయినోళ్ల రాత్రులే ఉండాయి. మా కాడ పండుకున్న పిల్లోళ్ల రాత్రులు యాడ?" తల్లీతండ్రీ షెడ్డులో, బిడ్డలు అవ్వాతాతల దగ్గర. బిడ్డకు టీకా వేయించింది, బడికి పంపింది, రాత్రి ఏడిస్తే ఎత్తుకుంది ఆ అవ్వలే. ఆ పని ఏ పట్టికలోనూ పనిగా లేదు. అంగన్‌వాడీ కార్యకర్త కూడా అక్కడే ఉంది. తల్లితో పోయిన బిడ్డ నడి ఏడాదిలో తిరిగొస్తే రిజిస్టరులో మళ్లీ ఎక్కించుకునే వీలు గట్టిగా ఉండాలనీ, షెడ్డు దగ్గరి అంగన్‌వాడీకి ఇక్కడి నుంచి చీటీ పోవాలనీ ఆమె అడిగింది. పంచాయితీ సభ్యులు రాసుకున్నారు, నేనూ రాసుకున్నాను.

ఈసారి కాగితంలో పిల్లలకు వేరే వరసలున్నాయి. ఏ రాత్రి ఎవరి దగ్గర అని అవ్వల్ని, తల్లుల్ని విడివిడిగా అడుగుతున్నాం. ఇద్దరి జవాబుల్లో తేడా వస్తే రెండూ రాస్తున్నాం. దసరా సెలవుల్లో పిల్లలు తల్లుల దగ్గరికి, షెడ్లకు పోతారు కాబట్టి చింతామణి తాలూకా ఊళ్లను ఆలోపే ముగించాలి.