ఎల్లిపాయ వాసన

మా మాదిగపల్లెలో దాన్ని వెల్లుల్లి అన్నవాళ్లు లేరు. ఎల్లిపాయే. కూలి దొరకని రోజు కూర ఉండదు. ఎండుమిరపకాయలు, ఉప్పుగల్లు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు రోట్లో ఏసి మా అమ్మ నూరేది. జొన్నసంకట్లోకి అదే కూర, అదే పచ్చడి. చెవిపోటొస్తే రెబ్బ ఏసి కాచిన నూనె. బాలింతకి ఎల్లిపాయ కారం. పసిబిడ్డకి రొంప పడితే రెబ్బలు దారానికి గుచ్చి మెళ్లో కట్టేవాళ్లు. ఇక పెద్దకూర వండిన రోజైతే గుప్పెడు పడాల్సిందే.

ఆరో తరగతిలో ఒక అయ్యవారు నన్ను లెక్క చెప్పమని లేపాడు. నేను నోరు తెరవంగానే పైపంచె ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "కంపు. ఆ చివరికెళ్లి చెప్పరా" అన్నాడు. చివరికెళ్లి చెప్పా. లెక్క కరెక్టే. వినే ఓపిక ఎవరికీ లేకపోయింది.

ఆ ముక్కు మూసుకోటం ఆయన సొంత తెలివి కాదని చదువుకున్నాక తెలిసింది. మనుస్మృతి 5వ అధ్యాయం 5వ శ్లోకం ద్విజులు వెల్లుల్లి, ఉల్లి తినకూడదంటది. తెలిసీ తింటే పతితుడవుతాడని 19వ శ్లోకం. క్రీ.శ. 5వ శతాబ్దం మొదట్లో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ మధ్యదేశంలో చండాలురు తప్ప ఎవరూ ఉల్లి, వెల్లుల్లి తినరని రాశాడు. వాళ్లు ఊరికి ఎడంగా ఉంటారట. పట్నంలోకి వస్తే కర్రముక్క కొట్టుకుంటా రావాలట, ఆ చప్పుడు విని మిగతా జనం తప్పుకోటానికి. తిండి సంగతీ, వెలి సంగతీ పక్కపక్కనే రాశాడు మహానుభావుడు.

రోగమొస్తే మాత్రం కథ వేరు. 1890లో మధ్యాసియాలో కూచా దగ్గర దొరికిన భూర్జపత్రాల వైద్యగ్రంథం, బోవర్ ప్రతి అంటారు, వెల్లుల్లి పొగడ్తతోనే మొదలవుద్ది. విష్ణువు తల నరికిన రాక్షసుడి ఒంట్లోంచి పడ్డ చుక్కల్లోంచి పుట్టిందట, అందుకని బ్రాహ్మలు తినరట. మరి దాని గుణం వదులుకోటం ఎట్టా? ఆవుని పస్తుంచి, గడ్డిలో వెల్లుల్లి కాడలు కలిపి మేపితే ఆ పాలు, పెరుగు, నెయ్యి బ్రాహ్మడు తీసుకోవచ్చంట! ఇది చదివి చెబితే మా అమ్మ, "అయితే గొడ్డు తిన్నా మడేనా? మనం తింటేనే మైలా?" అని పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలా.

అసలు ఒలవని పాయకి అంత వాసనే ఉండదు. లోపల విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు తొక్కితే కలుస్తాయి, అప్పుడు అల్లిసిన్ పుడుద్ది. ఆ ఘాటు అదే, సూక్ష్మజీవుల్ని చంపేదీ అదే. 1944లో అమెరికాలో దాన్ని వేరుచేసి చూపించారు.

2011లో హైదరాబాదులో ఇల్లు వెతుక్కుంటా ఒక పోర్షనుకి వెళ్లాం. అద్దె కుదిరింది, అడ్వాన్సు చేతిలో ఉంది. ఇంటాయన "మీరేవిట్లు?" అని అడగలా. చదువుకున్నవాడు. "ఉల్లీ వెల్లుల్లీ వాడతారాండీ?" అన్నాడు.

"వాడతామండీ, రోజూ" అంది మా ఆవిడ.

ఆ టూలెట్ బోర్డు ఇంకో రెండు నెలలు అట్టాగే వేలాడింది. నా ఆఫీసుకి అదే దారి.