మా ఇంటి పద్దుల పుస్తకం

మా కాపురం మొదలైన నాటినుంచీ పద్దుల పుస్తకం ఒకటే, లిపులు మాత్రం రెండు. ఎడమ పేజీలో మావారి తెలుగు, కుడి పేజీలో నా తమిళం. ఇంటికొచ్చినవాళ్లు చూసి ముచ్చటపడేవారు. అందులో ఎంత చిక్కుందో నాకు ఎనిమిదేళ్లకు గాని తెలిసిరాలేదు.

మాది గుడియాత్తం, లుంగీల నేతకు పేరుపడ్డ ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, వేలూరు రెండూ ఉత్తర ఆర్కాటులోనివే. అందుకే మావైపు మాలాంటి ఇళ్లకు కొదవలేదు. తెలుగు మాట్లాడతాం, చదవలేం. మావారిది చీరాల, వారిదీ మగ్గాల ఇల్లే. ఆయనకు రాణిపేటలో ఉద్యోగం. 1984లో పెళ్లయ్యాక సత్తువాచారిలో హౌసింగ్ బోర్డు ఇల్లొకటి అద్దెకు తీసుకున్నాం. మా అత్తగారు నా తెలుగు విని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవారు. అది అందరిళ్లలో ఉండేదే, వదిలేద్దాం.

1990లో చీటీ పాడిన డబ్బు ఆరువేలు మావారి చేతికిచ్చి, అమ్మాయి పేర పోస్టాఫీసులో వేయమన్నాను. రెండేళ్లకు, మే నెలలో, పాసుబుక్కు అడిగాను. ఆయన కాస్త తడబడి, "తమ్ముడికి పంపాను. నేనేమీ దాచలేదే, ఆనాడే పుస్తకంలో రాశాను కదా!" అన్నారు.

రాశారు. తెలుగులో.

1990 మే తుపానుకు మా మరిది మగ్గం గుంటలో నీళ్లు నిలిచి పడుగంతా పాడైపోయిందట. మగ్గం గుంటలో నీళ్లు నిలిస్తే ఇంట్లో పొయ్యి వెలగదని నేతవాళ్ల బిడ్డనైన నాకు వేరే చెప్పాలా? అడిగివుంటే నా చేత్తోనే ఇచ్చేదాన్ని. నేను చదవలేని పేజీలో రాసి, చెప్పినట్టే లెక్క అనుకోవడం నా గుండెలో ముల్లై కూర్చుంది.

వైకాశి ఒకటో తేదీ గుడియాత్తంలో గంగమ్మ శిరసు పండుగ. ఆ వంకతో పిల్లను తీసుకొని పుట్టింటికి వెళ్లిపోయాను. అమ్మవారి శిరసు ఊరేగుతూ వస్తుంటే జనంలో నిలబడి చూశాను. రేణుకమ్మ కథ మీకు తెలిసిందే, మొగుడి కోపానికి తెగిన తల. నా కోపం ఇంకా పెరిగింది. రాత్రి అమ్మ దగ్గర అంతా వెళ్లబోసుకున్నాను.

అమ్మ విని, "నీకు చదవను రాదని ఆయనకు తెలుసు, తప్పే. ఎనిమిదేండ్లలో నేర్పమని నువ్వొకసారన్నా అడిగినావా?" అంది.

నాలుగో రోజు బస్సెక్కి సత్తువాచారి వచ్చేశాను.

ఆ వారమే పాఠాలు మొదలయ్యాయి. రాత్రి భోజనాలయ్యాక, చించిన క్యాలెండరు కాగితాల వెనక, అరగంట తెలుగు, అరగంట తమిళం. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, ప, బ లకూ అంతే. ఏది ఎక్కడ రాయాలో నాకు పాలుపోయేది కాదు. 'బెల్లం' అని రాయబోయి 'పెల్లం' అని రాస్తే, "పెళ్లాం కిలో ఎంతేమిటి?" అని మావారు పడీపడీ నవ్వారు. అరటిపండుకు తమిళంలో 'ழ' రెండుసార్లు పలకాలి. ఆయనకు నోరు తిరక్క తంటాలు పడుతుంటే నా వంతు వచ్చింది. అంతవరకు బస్సు నంబరు చూసి ఎక్కే మనిషి, ఆర్నెల్లకు బోర్డు చదివి ఎక్కడం మొదలుపెట్టారు.

అప్పుడే ఒక కట్టుబాటూ పెట్టుకున్నాం. వంద రూపాయలు దాటిన ప్రతి పద్దు పక్కనా ఇద్దరి సంతకాలు ఉండాలి. (ఇప్పుడది రెండువేలయిందనుకోండి.) పోట్లాటలు మానామని చెప్పను. ఇప్పుడు చదివి మరీ పోట్లాడుకుంటాం!

ఆ పాత పుస్తకం ఇంకా బీరువాలో ఉంది. నేను తెలుగులో రాసిన మొదటి పద్దు 1993 సంక్రాంతిది: 'మరిదికి, మగ్గం కుంట గట్టుకు, 500.' గుంట కాస్తా కుంట అయింది. మావారు దిద్దబోయి, "నీళ్లు నిలిచిందిగా, కుంటేలే" అని ఆగిపోయారు. దాని పక్కన ఆయన సంతకం తమిళంలో ఉంది.