మంచం ముందు చేయించా, బ్రేకులు మర్చిపోయా



మొన్న మిర్చికి మందు కొడుతుంటే పక్క చేను అన్న గట్టు మీద నిలబడి అడిగాడు: "ఏంది తమ్ముడూ, ఆ డొక్కు ఓమ్నీలో మంచం కట్టావంట, సంసారం అందులోనేనా?" నవ్వి ఊరుకున్నా. ఆ బండి గురించి ఊళ్ళో అందరికీ మంచం సంగతే తెలుసు. ఘాట్‌లో ఏం జరిగిందో మా ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. పాత వ్యాను కొందామని నన్ను అడిగినవాళ్ళు ఇప్పటికి నలుగురయ్యారు, అందుకని ఇవాళ మొత్తం చెప్పేస్తున్నా.

అసలు ఎందుకు కొన్నానంటే, అమ్మ కోసం. మోకాళ్ళు పోయాయి. బస్సెక్కే రోజు పొద్దున్నించీ మంచినీళ్ళు ముట్టదు, దారిలో దిగాల్సొస్తుందని. మా ఆవిడ కూడా అంతే. మనం మగాళ్ళం ఏ తుమ్మచెట్టు కనపడినా బండి ఆపేస్తాం, వాళ్ళ బాధ మనకి పట్టదు. నాన్న పోయి అయిదేళ్ళయింది. ఆయన బతికుండగా మొక్కుకున్న శ్రీశైలం మొక్కు అట్టాగే ఉండిపోయింది. కారు కొనే స్తోమత లేదు. కార్లో ఎలాగూ అమ్మ కాళ్ళు చాపుకోలేదు. అప్పుడు తట్టింది ఓమ్నీ. ఇంకో లాభం కూడా లెక్కేసుకున్నా. గుంటూరు యార్డులో టిక్కీల మీద దోమలతో తెల్లారబెట్టిన రాత్రులు మీకూ తెలుసుగా, అది తప్పుతుంది.

2006 మోడల్, 70 వేలకి వచ్చింది. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజను, మన సీటు కిందే ఉంటుంది. 2019లో ఈ బండి తయారీ ఆపేశారు గానీ సామాను ఇంకా దొరుకుతోంది, ప్రతి ఊళ్ళోనూ దీన్ని విప్పిన మేస్త్రీ ఉంటాడు. పైకి రంగు బాగానే ఉంది. ఇంటికొచ్చాక రబ్బరు మ్యాటు ఎత్తితే కింద రేకు అప్పడంలా ఉంది! స్క్రూడ్రైవర్ పెడితే దిగిపోయింది. ముందాయన ఎరువుల బస్తాలు తోలేవాడంట. యూరియా, పొటాష్ ఉప్పు లాంటివే, చెమ్మ తగిలితే ఇనుముని తినేస్తాయి. మన ట్రాలీల అడుగు చూస్తే తెలుస్తుంది. కాబట్టి కొనే ముందు సిగ్గుపడకుండా మ్యాటు ఎత్తండి. పక్క తలుపు జరిగే పట్టాలు, వెనక చక్రాల గుమ్మటాల లోపలి వైపు వేలు పెట్టి తడమండి. నాకు రేకు అతుకులకీ రంగుకీ 9 వేలయింది.

ఇక మంచం. మొదట మావాడు యూట్యూబులో చూసి ప్లైవుడ్ అన్నాడు. ఇనప ఫ్రేము, దాని మీద ప్లై, పైన మూడు వేల పరుపు. పెళ్ళి మంచంలా చేయించా. రెండు రాత్రులు పడుకునేసరికి పరుపు అడుగున చెమట నీళ్ళు, బండి వెనక కూలబడిపోయింది. అన్నీ పీకేశా. సన్నటి చదరపు పైపుతో ఫ్రేము కట్టించి నవారు అల్లించా. నాన్న మంచం నవారే, అటక మీద మూలుగుతోంది. బరువు సగానికి తగ్గింది, కింద గాలి ఆడుతుంది. పొడుగు మనుషులు కాస్త మూలవాటంగా పడుకోవాలి, అంతే. అమ్మా, మా ఆవిడా లోపల, నేను బయట మడత మంచం మీద.

ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆర్‌సీలో ఎన్ని సీట్లు, ఏ రకం బండి అని ఉందో అది మార్చాలంటే ఆర్టీవో పర్మిషన్ కావాలి. అందుకని నేను కొత్త బెజ్జం ఒక్కటి కూడా వేయలేదు. సీటు బోల్టులున్న చోటే ఫ్రేము బిగుస్తుంది, పావుగంటలో విప్పి సీటు మళ్ళీ పెట్టేయొచ్చు. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ టాక్సు ఎలాగూ ఉంటాయి. ఆ రోజు బండి చూసే ఆఫీసరు ముందు నీళ్ళు నమలక్కర్లేదు.

కరెంటుకి పెద్ద ఖర్చేం పెట్టలేదు. పాత స్ప్రేయరు బ్యాటరీ, 12 వోల్టులది. చిన్న డీసీ ఫ్యానుకీ ఒక ఎల్‌ఈడీ లైటుకీ రాత్రంతా సరిపోతుంది. బండి బ్యాటరీ జోలికి మాత్రం పోవద్దు, తెల్లారి సెల్ఫ్ కొట్టదు. ఎండకి టాపు పైన జానెడు ఎత్తులో నర్సరీ షేడ్‌నెట్ కట్టా. రేకుకి ఆనించి కడితే ఉపయోగం లేదు, మధ్యలో గాలి పోవాలి. అమ్మ కోసం ప్లాస్టిక్ కుర్చీ మధ్యలో కోయించి కింద మూత ఉన్న బకెట్టు, చుట్టూ పాత చీర తెర. మొత్తం బండిలో అతి తక్కువ ఖర్చయింది దానికే, ఎక్కువ పనికొచ్చిందీ అదే. ఇప్పుడు ప్రయాణంలో అమ్మ నీళ్ళు తాగుతోంది.

వంట మాత్రం ఎంత వానైనా బయటే. 2024 డిసెంబరులో కేరళలో వడకర దగ్గర రోడ్డు పక్కన ఆపిన క్యారవాన్‌లో ఇద్దరు నిద్రలోనే పోయారు. జనరేటరు నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరిందని తేలింది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. ఏసీ కోసం ఇంజను ఆన్‌లో పెట్టి పడుకోవడం, చలికి కుంపటి లోపల పెట్టుకోవడం, రెండూ వద్దు. నేను రెండు వైపులా అద్దాలు నాలుగు వేళ్ళ మేర దించి దోమతెర అంటిస్తా.

ఇప్పుడు అసలు సంగతి.

కార్తీక మాసం, పత్తి మొదటి తీత అయ్యాక బయల్దేరాం. దోర్నాల దాటాక నల్లమల ఎక్కుడు. ఇంజను వేడెక్కుతుందేమోనని రెండుచోట్ల ఆపా. బాగానే ఎక్కింది. అడవిలో ఎక్కడా రాత్రి మకాం పెట్టలేదు, అది పులుల రక్షిత ప్రాంతం. శ్రీశైలంలో బండ్లు నిలిపే చోటే రెండు రాత్రులు పడుకున్నాం. దర్శనం బాగా జరిగింది. అమ్మ మొక్కు చెల్లించి గుడి బయట చాలాసేపు కూర్చుంది. నాన్న పేరెత్తలేదు గానీ ఆయన కండువా సంచిలో పెట్టుకొచ్చిందని అప్పుడు చూశా.

తిరుగు ప్రయాణం. శిఖరం దాటి దిగుతున్నాం. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్ వేశా. మనలో చాలామంది చేసే పనేగా. లోపల ముగ్గురం, నీళ్ళ క్యాను, సామాను. మలుపు మలుపుకీ బ్రేకు మీదే కాలు. కాసేపటికి పెడల్ మెత్తబడింది. ఇంకో మలుపు దాటేసరికి బురదలో కాలు పెట్టినట్టు కిందిదాకా దిగిపోయింది. బండి ఆగట్లేదు. ఎదురుగా బస్సు హారను. మా ఆవిడ నా మొహం చూసి ఏమీ అడగలేదు, వెనక్కి చెయ్యి చాపి అమ్మని పట్టుకుంది.

యాక్సిలేటరు కొంచెం తొక్కి మూడో గేరు ఇరికించా, తర్వాత రెండు. ఇంజను గుర్రుమంది, వేగం తగ్గింది. పెడల్ పదేపదే కొడుతూ హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా లాగా. ఒక్కసారి లాగితే వెనక చక్రాలు పట్టేసి బండి తిరిగిపోతుంది. లోయ వైపు కాకుండా కొండ వైపు కంకరలోకి దించా. ఆగింది. దిగి చక్రాలకి రాళ్ళు పెట్టాలంటే నా చేతులు వణుకుతున్నాయి, మా ఆవిడే పెట్టింది. అమ్మ మాత్రం, "ఇక్కడ ఆపావేందిరా, కోతులొస్తాయి" అంది.

ముప్పావుగంట తర్వాత తొక్కి చూస్తే పెడల్ మామూలుగానే ఉంది! ఇదే మోసం. చల్లారాక ఏమీ కానట్టే ఉంటుంది. రెండో గేరులో నడక వేగంతో దోర్నాల దాకా దింపి, మెల్లగా మార్కాపురం చేరాం. మేస్త్రీ బ్రేకాయిలు తీసి చూపిస్తే కాఫీ డికాక్షన్‌లా ఉంది. యూరియా బస్తా మూతి విప్పి పెడితే చెమ్మ పట్టినట్టు, బ్రేకాయిలు కూడా గాల్లో తేమ పీలుస్తుందంట. ఆపకుండా బ్రేకు తొక్కితే ఆ వేడికి లోపలి నీరు ఆవిరై బుడగలవుతుంది. మనం తొక్కేది ఆ బుడగల్ని, బ్రేకుని కాదు. దానికితోడు వెనక ఒక చక్రం సిలిండరు కారుతోంది. మొత్తం 1,800.

ఇంటికొచ్చిందాకా మా ఆవిడ మాట్లాడలేదు. రాత్రి అన్నం పెట్టి, "పరుపుకి మూడు వేలు పెట్టినోడివి, బ్రేకులకి మూడొందలు పెట్టలేకపోయావా" అంది. నా దగ్గర సమాధానం లేదు.

అప్పటినుంచి బండిలో ఏ సోకు పని చేయించాలన్నా ముందు బండి కింద దూరి చూస్తున్నా. బ్రేకాయిలు రెండేళ్ళకోసారి మొత్తం మార్పించడం, టైమింగ్ బెల్టు ఎప్పుడు వేశారో తెలియకపోతే కొత్తది వేయించడం, రేడియేటరు గొట్టాలు నొక్కి చూడటం. టైర్లు అరగలేదని సంబరపడొద్దు. పక్కన నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. నా వాటికి నాలుగూ పదేళ్ళ పైవే, పక్కల్లో నెర్రెలు. ఎక్కడికీ వెళ్ళకపోయినా వారానికోసారి తీసి పది కిలోమీటర్లు తిప్పుతా. షెడ్డులో వదిలేస్తే ఎలుకలు వైర్లు కొరుకుతాయి, నాకు ఒకసారి హెడ్‌లైటు అట్టాగే పోయింది. ఎరువు బస్తా ఒక్కటి కూడా ఎక్కనివ్వను. తమ్ముడికి కోపమొచ్చినా సరే. దిగుడులో న్యూట్రల్ సంగతి ఇక చెప్పక్కర్లేదనుకుంటా. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి.

మిర్చి ఆఖరి కోత అయ్యాక గండికోట చూడాలంటోంది అమ్మ. పెన్న ఒడ్డున బండి ఆపి పడుకుందామంట, ఎవరు చెప్పారో ఏమో. సరే అన్నా. ఈ ఆదివారం వెనక డ్రమ్ములు విప్పిస్తున్నా, మా ఆవిడ దగ్గరుండి చూస్తానంది.