టోపీ కోసం పడవ మోశారు!

లండన్ దొరల తలమీద టోపీ కోసం అడవిలో మనుషులు గొడ్డుల్లా బరువులు మోశారంటే నమ్ముతారా! 18వ శతాబ్దంలో యూరప్‌లో బీవర్ బొచ్చు టోపీలంటే మహా మోజు. ఆ బొచ్చు తెచ్చేందుకు కెనడాలోని మాంట్రియల్ నుంచి ఏటా పడవల దండు కదిలేది. తెడ్డు వేసేవాళ్లను వాయజర్లు అనేవారు.

బర్చ్ చెట్టు బెరడును స్ప్రూస్ వేళ్లతో కుట్టి, బంకపూసి పడవ చేయడం స్థానిక తెగల విద్య. తేలికగా ఉంటుంది కాబట్టి జలపాతం అడ్డొస్తే భుజాన వేసుకుని నడవొచ్చు.

సుపీరియర్ సరస్సు ఒడ్డున గ్రాండ్ పోర్టేజ్ దగ్గర అసలు పరీక్ష ఎదురయ్యేది. ఆ పేరుకి ఫ్రెంచిలో ‘పెద్ద మోత’ అని అర్థం. పిజియన్ నది జలపాతాల్ని తప్పించుకోవాలంటే దాదాపు 14 కిలోమీటర్లు నడవాల్సిందే. ఒక్కో మూట 41 కిలోలు. నుదుటికి తోలుపట్టీ తగిలించి, రెండేసి మూటలు వీపున వేసుకునేవారు. ఆ బరువుకి పేగు జారి చనిపోయినవాళ్లున్నారు. సుడుల్లో మునిగినవాళ్ల గుర్తుగా ఒడ్డున శిలువలు పాతేవారు.

ఆ చోటు అమెరికాలోకి రావడంతో 1803లో నార్త్‌వెస్ట్ కంపెనీ మకాం కెనడా వైపు మార్చేసింది. తర్వాత పట్టు టోపీల ఫ్యాషన్ వచ్చింది, బీవర్లు బతికిపోయాయి.

మిన్నెసోటాలో ఓజిబ్వే తెగవారి నేలమీద ఆ బాట నేటికీ పదిలం. సరిహద్దు సరస్సుల్లో రోజుల తరబడి తెడ్డు వేసుకుంటూ వచ్చే సాహసికులు చివర్లో పడవ నెత్తికెత్తుకుని దీని మీదే నడుస్తారు. బురద, దోమలు అప్పటివే. మూటలు మాత్రం చాలా తేలిక!