ఆకాశమార్గమున విశాఖకు

మా సంగారెడ్డియు, విశాఖపట్టణమును భూపటమున ఇంచుమించు ఒకే అక్షాంశముపై నున్నవి. ఇచ్చటినుండి తిన్నగా తూర్పునకు గీత గీచినచో, అది సుమారు 545 కిలోమీటర్లు సాగి సముద్రపుటొడ్డున విశాఖను తాకును. అచ్చట సూర్యుడు మాకంటె 20 నిమిషములు ముందుగా పొడచూపును. దారి యింత సూటిగా నున్నను, విమానమున పోదలచినచో మేము మొదట దక్షిణముగా శంషాబాదునకు పోవలెను.

పటాన్‌చెరు, పాశమైలారము కర్మాగారములను నమ్ముకొని ఉత్తరాంధ్రమునుండి వచ్చి కాపురమున్న కుటుంబములు మా ప్రాంతమున కలవు. ఆ యిల్లాండ్రకు విశాఖ ఎంతదూరమనునది ఊసుపోక అడుగు మాట కాదు. తల్లికి జబ్బుచేసినదనియో, చెల్లెలికి నొప్పులు మొదలైనవనియో ఫోను వచ్చిననాడు ఎన్ని గంటలకు చేరగలమనునదే వారి యాతన.

టిక్కెట్టుపై నుండునది గంటంబావు. శంషాబాదునుండి ఆకాశమున దూరము సుమారు 510 కిలోమీటర్లు; గంటకు 800 కిలోమీటర్లు పోవు జెట్ విమానమునకు అది 40 నిమిషముల పని. కాని పైకెక్కునపుడును, దిగునపుడును ఆ వేగ ముండదు. నేలమీద దొర్లు కాలము సైతము ఆ గంటంబావులోనిదే. పంకాల విమానమైనచో మరికొంత జాగు.

ఇక మా గడపనుండి లెక్కింతము. ముత్తంగివరకు పూనా–మచిలీపట్టణము రహదారి. కర్మాగారములు షిఫ్టు వదలువేళ లారీల నడుమ కారు చిక్కినదా, ఎవరి తొందరయు సాగదు. ముత్తంగికడ 158 కిలోమీటర్ల వలయరహదారి ఎక్కినపిదప ప్రాణము కుదుటపడును. మొత్తము 70 కిలోమీటర్లు, గంటన్నర. అచ్చట తనిఖీలకు, నిరీక్షణకు రెండుగంటలు. దిగి, పెట్టె తీసుకొని, ఇల్లు చేరుటకు ఇంకొకగంట. గంటంబావు ప్రయాణము ఆరుగంటలకు దగ్గరయైనది! 2008 మార్చివరకు బేగంపేటలోనే విమానమెక్కెడివారము. ఈ రహదారినే తిన్నగా పోయినచో చాలును.

2023 జనవరిలో ప్రారంభమైన వందేభారత్ రైలు సికిందరాబాదునుండి విశాఖకు ఎనిమిదిన్నర గంటలలో పోవును. సాయంకాలపు గోదావరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కినవారు నిద్రలేచునప్పటికి విశాఖ సమీపించును. పసిబిడ్డలతో, అత్తగారితో, ఊరగాయ జాడీలతో పోవువారికి మేము రైలునే చెప్పుదుము. ఆపద వచ్చిననాడు మాత్రము విమానమే. ఆ రెండు మూడు గంటలే కడచూపును దక్కించవచ్చును.

విశాఖకు 45 కిలోమీటర్ల దూరమున భోగాపురముకడ క్రొత్త విమానాశ్రయము నిర్మింపబడినది. విమానము అచ్చట దిగునప్పుడు విజయనగరము, శ్రీకాకుళము ఆడపడుచులకు పుట్టిల్లు దగ్గరయగును. గాజువాకవారు మాత్రము దిగినపిదప మరియొక గంట కలుపుకొనవలెను.