జుయ్‌మన్న మోత

బాలలూ! నేను 34 ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. మొన్న మా మనుమరాలు నాకే ఒక పాఠం చెప్పింది. అది మీకూ పనికివస్తుంది, వినండి.

రోజూ రాత్రి ఎనిమిదింటికి మా అక్కయ్య పల్లెనుంచి ఫోను చేస్తుంది. ఆ వేళకు నా సెల్‌ఫోను చార్జింగులో ఉంటుంది. తీగ తియ్యకుండానే మాట్లాడుతూండేవాణ్ణి. గత నెలలో ఒక రాత్రి, గదిలో తుమ్మెద దూరినట్టు చెవిలో జుయ్‌మని మోత మొదలైంది. మర్నాడూ అంతే. నా చెవులు పోతున్నాయి కాబోలునని భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. "సరే అక్కయ్యా, ఉంటాను" అని రెండు మాటల్లో ముగించేవాణ్ణి. నాలుగు రోజులకు అక్కయ్య, "నాతో మాట్లాడాలంటే నీకు విసుగు పుట్టిందిరా" అని, ఫోను చెయ్యడమే మానేసింది.

ఒకనాడు నేను ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళి స్నేహితుడితో మాట్లాడాను. మోత లేదు! చెవులు బాగానే ఉన్నాయనీ, ఆ గదిలోనే ఏదో లోపమున్నదనీ తేల్చాను.

ఆరవ తరగతి చదివే మా మనుమరాలు ఇది విని, "తాతయ్యా, పెరట్లోకి వెళ్ళినప్పుడు మీరు ఎన్ని మార్చారు?" అని అడిగింది.

"ఒక్కటే, చోటు" అన్నాను.

"కాదు, రెండు. చార్జరు గదిలోనే వదిలేశారుగా!"

నాకు నోట మాట రాలేదు. పరీక్షలో ఒకసారికి ఒక్కటే మార్చాలని బల్ల గుద్ది చెప్పినవాణ్ణి నేనే!

ఇద్దరం మళ్ళీ మొదలుపెట్టాం. అదే గదిలో, చార్జరు తీసి మాట్లాడాను: మోత లేదు. తగిలించాను: మోత వచ్చింది. వాళ్ళ నాన్న చార్జరు తగిలించాను: మోత లేదు. దొంగ దొరికాడు! పాతది పాడైతే, గత నెలలో రోడ్డుపక్క చవకగా కొన్న చార్జరు అది.

కారణం వినండి. మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులది. అది ఒకే దిక్కుకు పారదు. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. చార్జరు దాన్ని సుమారు 5 వోల్టులకు తగ్గించి, ఒకే దిక్కుకు నిలకడగా పారేట్టు చెయ్యాలి. నాసిరకం చార్జరులో వడపోత సరిగా ఉండదు. మిగిలిపోయిన ఆ ఊపు, ఫోనులో మాటలు మోసే భాగాల్లోకి చొరబడి మోతగా వినిపిస్తుంది. అంతేకాదు, అలాంటి చార్జరు షాకు కొట్టవచ్చు, అంటుకోనూవచ్చు. అందుకే దాన్ని వెంటనే పారేశాను. మీరు మాత్రం చార్జరును ఎన్నడూ విప్పి చూడకండి, పెద్దలకు చెప్పండి.

ఆ రాత్రి నేనే అక్కయ్యకు ఫోను చేసి ఉన్నదంతా చెప్పాను. "చెవి సంగతి నాతో ముందే చెబితే నీ సొమ్మేం పోయిందిరా?" అని కోప్పడింది. ఆ తరువాత నా బ్యాటరీ అయిపోయేదాకా మాట్లాడింది.