జాకీ ఎత్తుతుంది, అంతే

ఆదివారం పొద్దున కాఫీ తాగి కారు వైపు చూస్తే చాలామందికి చేతులు దురదపెడతాయి. బండి కింద ఏదో టకటకమంటోంది, లేదంటే పార్కింగులో ఆయిల్ మరక కనిపించింది. కిందికి దూరి ఓసారి చూస్తే పోలా అనుకుంటాం. మంచిదే. సొంత బండి అడుగున ఏముందో తెలిసిన మనిషిని షెడ్డులో ఎవరూ తేలిగ్గా మభ్యపెట్టలేరు. కాబట్టి ఆ పని మానుకోమని నేను చెప్పను. కాకపోతే డిక్కీలోంచి జాకీ తీసి, బండి లేపి, అలాగే కిందికి దూరబోతారు చూడండి, అక్కడ మాత్రం చెయ్యి పట్టుకుని ఆపుతాను.

ఆ జాకీ ఇచ్చింది స్టెప్నీ మార్చుకోవడానికి. రోడ్డు పక్కన ఓ చక్రం విప్పి, ఇంకోటి బిగించి, వెళ్లిపోవడానికి. దాని అడుగు రేకు ఎంతుందో చూడండి: అరచేతికి కాస్త పెద్దది, అంతే. మర తనంతట తాను వెనక్కి తిరగదు కాబట్టి అది కిందికి దిగదు గానీ, బండి నాలుగు వేళ్ల మేర కదిలిందంటే చాలు, పక్కకి ఒరిగిపోతుంది. షెడ్డుల్లో ఉండే హైడ్రాలిక్ ట్రాలీ జాకీ సంగతి వేరు. అది అంత సులువుగా ఒరగదు, కానీ దిగిపోగలదు. న్యూయార్క్‌లో రిచర్డ్ డడ్జన్ అనే ఆయన 1851లో హైడ్రాలిక్ జాకీకి పేటెంటు తీసుకున్నాడు. అప్పుడూ ఇప్పుడూ సూత్రం ఒకటే, మనం బళ్లో చదువుకున్న పాస్కల్ నియమమే. చిన్న పిస్టన్‌తో ఆయిల్‌ని నొక్కితే పెద్ద పిస్టన్ బండిని లేపుతుంది. లేచిన బరువునంతా ఆపి ఉంచేది మాత్రం ఓ రబ్బరు సీలు, ఓ చిన్న వాల్వు. సీలు అరిగినా, వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కున్నా బండి దిగుతుంది. మెల్లగా దిగితే అదృష్టం. అందుకే జాకీ ఏదైనా లేపడానికే, లేచిన బండిని మోయాల్సింది దాని కింద నిలిపే ఇనుప స్టాండ్లు.

ఆల్టో లాంటి చిన్న కారే ఇంచుమించు ముప్పావు టన్ను ఉంటుంది. ఇంజిను ముందుంటుంది కాబట్టి ముందు వైపు బరువెక్కువ. ఒక్క ముందు చక్రం దగ్గరే రెండు వందల కిలోలు దాటుతుంది, అంటే నాలుగు సిమెంటు బస్తాల పైమాట. ఇన్నోవా అయితే ఇక చెప్పక్కర్లేదు.

బండి కదలకుండా ఎలా ఆపుతారు? హ్యాండ్ బ్రేక్ వేశాను కదా అంటారు మీరు. ఇక్కడ కాసేపు ఆగుదాం. మన కార్లలో దాదాపు అన్నిటికీ హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం మొత్తం లేపారనుకోండి, బ్రేకు పడ్డ చక్రాలు గాల్లో ఉంటాయి, నేల మీదున్న ముందు చక్రాలకి ఆ బ్రేకు లేదు. పోనీ, ఫస్ట్ గేర్లో పెట్టానంటారు. మన చిన్న కార్లలో ఎక్కువ వాటికి ఇంజిను తిప్పేది ముందు చక్రాలనే, గేరు పట్టి ఆపేదీ వాటినే. వాటిలో ఒకదాన్ని లేపారా, మధ్యలో డిఫరెన్షియల్ ఉంది కాబట్టి గాల్లోది ఒక పక్కకి తిరుగుతుంది, నేల మీదిది ఇంకో పక్కకి దొర్లుతుంది. గేరు ఉన్నా లేనట్టే. అందుకని నేల మీద మిగిలే చక్రాలకి, ముఖ్యంగా లేపే వైపుకి అవతలున్న వాటికి, ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. ఏటవాలుగా కోసిన చెక్క దిమ్మని టైరు కిందికి సుత్తితో తట్టి ఇరికించాలి. దారిలో దొరికిన రాయి పెడితే టైరు దాని మీదికి ఎక్కేస్తుంది, లేదా రాయినే తోసేస్తుంది. హ్యాండ్ బ్రేకూ గేరూ ఆ దిమ్మలకి తోడు మాత్రమే.

నేల సంగతి కూడా చూడాలి. అపార్ట్‌మెంట్ సెల్లార్లోకి దిగే ఏటవాలు మీద ఈ పని అసలొద్దు. శాబాదు బండల మీద ఇనుప స్టాండు జారుతుంది, కింద బోలుగా ఉన్న బండ పగిలినా పగులుతుంది. రోహిణీ కార్తెలో తారు రోడ్డు మెత్తబడి స్టాండు కాళ్లు దిగబడతాయి. మట్టి నేలైతే మందపాటి ప్లైవుడ్ ముక్క వేసుకోండి. ట్రాలీ జాకీకి ఇంకో అవసరం ఉంది: దాని చెయ్యి వంపు తిరుగుతూ లేస్తుంది కాబట్టి, లేపుతున్నంతసేపూ జాకీ కాస్త దొర్లాలి. దాని చక్రాలు మట్టిలో కూరుకుపోతే బండిని తన వైపు లాగుతుంది, లేదా పట్టు తప్పుతుంది. సమంగా ఉన్న సిమెంటు గచ్చు దొరికితే అంతకు మించింది లేదు.

జాకీ ఎక్కడ ఆనించాలో బండితో వచ్చిన పుస్తకంలో బొమ్మ వేసి చూపిస్తారు. డోర్ల కింద అంచు రేకుకి, ముందు చక్రం వెనకా, వెనక చక్రం ముందూ చిన్న గాట్లు ఉంటాయి. చాలా బళ్లలో ఆ గాట్ల మధ్యే. ఆయిల్ ఉండే సంప్ కింద ఆనిస్తే రేకు సొట్టపోతుంది. ఎలక్ట్రిక్ కారైతే నేల భాగమంతా బ్యాటరీయే ఉంటుంది, దాని జోలికి పోకండి. చక్రం విప్పే పనైతే నట్లని బండి నేల మీదున్నప్పుడే అరచుట్టు వదులు చేసుకోవాలి. లేచాక పానా పట్టుకుని బలంగా లాగితే బండి ఊగుతుంది.

ఇప్పుడు స్టాండ్లు. జంటగా కొనండి, ఒకసారి సర్వీసింగుకి పెట్టే డబ్బులోపే వస్తాయి. ఇటుకలున్నాయి కదా అనకండి. ఇటుక గానీ సిమెంటు దిమ్మ గానీ గోడలో సమంగా పరుచుకున్న బరువుని మోస్తుంది. సన్నటి ఇనుప అంచు ఒక్కచోట నొక్కితే చెప్పాపెట్టకుండా ఫట్‌మని పగులుతుంది. చెక్క అలా కాదు, విరిగే ముందు సాధారణంగా చిటపటమంటుంది. అందుకే లారీల కింద మందపాటి దుంగలు పేర్చే అలవాటు ఇంకా ఉంది. స్టాండుని పుస్తకంలో చెప్పినచోట నిటారుగా నిలిపి, దాని ఎత్తుని పట్టి ఉంచే పన్ను గాడిలో పూర్తిగా దిగిందో లేదో కళ్లతో చూసి, అప్పుడు జాకీని నెమ్మదిగా వదలాలి. ఈ పన్ను మాట ఊరికే అనడం లేదు. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల కంపెనీ, బరువు మీద ఉండగా పన్ను గాడి తప్పవచ్చని లక్షల కొద్దీ స్టాండ్లు వెనక్కి పిలిచింది. వాటికి బదులిచ్చిన వాటిలో కొన్నిటికి వెల్డింగ్ లోపం బయటపడి, వాటినీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి గాడితో పాటు అడ్డంగా పిన్ను కూడా పెట్టుకునే రకం దొరికితే అది తీసుకోండి.

సూర్యాపేట దాటాక హైవే పక్కన ఓ పంచరు షాపులో నాకు నచ్చిన పని ఒకటి చూశాను. అక్కడి పెద్దాయన చక్రం విప్పగానే దాన్ని పక్కన పడేయలేదు. పడుకోబెట్టి, కాలితో బండి కిందికి, డోరు అంచు దాకా తోశాడు. ఎందుకన్నా అని అడిగితే, “జాకీ ఎప్పుడు దిగుతదో జాకీకే తెల్వదు సార్. గిది కిందుంటే బండి దీని మీద కూసుంటది, నా చెయ్యి నాకుంటది” అన్నాడు. స్టాండ్లున్నా సరే, మీరూ అలాగే తోయండి. ఖర్చు లేదు, అర నిమిషం పట్టదు. స్టాండు మీద దించాక జాకీని కూడా తీసేయకుండా, బండికి తగిలీ తగలనట్టు అక్కడే ఉంచండి.

దూరే ముందు బండిని రెండు చేతులతో గట్టిగా ఊపండి. పడేదేదైనా ఉంటే మీరు బయట ఉండగానే పడాలి. లోపల పిల్లలెవరూ కూర్చోకూడదు, ఇంజిను స్టార్ట్ చేయకూడదు.

ఇంకొక్కటి చెప్పి వదిలేస్తాను. ఒంటరిగా ఉన్నప్పుడు బండి కిందికి వెళ్లకండి. ఏదైనా జరిగితే అరుస్తాంలే అనుకుంటారు. ఛాతీ మీద అంత బరువు పడ్డాక ఊపిరి పీల్చడానికే పక్కటెముకలు కదలవు, అరవడానికి గాలి ఎక్కడిది? అందుకని ఇంట్లో ఒకరికి చెప్పండి, పది నిమిషాలకోసారి పలకరించమనండి. జాకీ వాడటం వాళ్లకీ ఒకసారి చేయించి చూపించండి. ట్రాలీ జాకీ హ్యాండిల్‌ని పైకీ కిందికీ కొడితే బండి లేస్తుంది, ఎడమ పక్కకి తిప్పితే దిగుతుంది. కంగారులో తిప్పేయకూడదని, కొడుతూనే ఉండాలని ముందే చెప్పి ఉంచండి. ఒకరు కొడుతుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.